అల్జీమర్స్ ప్యాచ్: పరీక్షలో తేలినదెంత?

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇటీవల మీ పత్రిక ఆరోగ్య పుటలో అల్జీమర్స్ వ్యాధికి చర్మంపై అతికించే ప్యాచ్ గురించి వార్త వచ్చిన మరునాడే మా వీధిలో ఇద్దరు నన్ను ఆపి, "మేడమ్, వీపు మీద అతికిస్తే మతిమరుపు పోతుందట కదా, ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు. నేను చాలా ఏళ్లు ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినదానిని. అంతకు మించి, ఆ వ్యాధితో ఆరేళ్లు బాధపడిన మా అత్తగారికి ఆ ప్యాచ్‌ను రోజూ నా చేతులతో అతికించినదానిని. మీ వార్తలో అబద్ధమేమీ లేదు. అయితే ఆ మందును ఏమి తెలుసుకోవడం కోసం పరీక్షించారో, దేనితో పోల్చి చూశారో చెప్పకుండా సత్ఫలితాలు ఇచ్చిందన్న ఒక్క మాటతో ముగించడం వల్ల, చదివినవారు తమకు కావలసిన అర్థాన్ని తామే నింపుకున్నారు.

ప్యాచ్‌లో ఉన్న రివాస్టిగ్మిన్ కొత్త మందు కాదు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో మార్తా వైన్‌స్టాక్ రూపొందించిన ఈ ఔషధాన్ని నోవార్టిస్ సంస్థ మొదట క్యాప్సూళ్లుగా విక్రయించింది. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అల్జీమర్స్ రోగుల మెదడులో తగ్గిపోతూ ఉంటుంది. మిగిలిన కొద్దిపాటినీ విరగ్గొట్టే ఎంజైములను ఈ మందు అడ్డుకుంటుంది. చెరువులోకి నీరు వచ్చే కాలువ పూడిపోతున్నప్పుడు తూము బిగించి, ఉన్న నీటిని కొంతకాలం నిలుపుకోవడం వంటిది ఈ పని. కాలువలోని పూడికను ఇది తీయదు, తీస్తుందని ఏ పరీక్షా చెప్పలేదు. క్యాప్సూల్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, మింగిన సుమారు గంటకే మందు రక్తంలో ఒక్కసారిగా పెరిగి, తరువాత అంతే త్వరగా పడిపోతుంది. ఆ పెరిగినప్పుడే వికారం, వాంతులు పట్టుకుంటాయి. అసలే తిండి సరిగా తినని వృద్ధులు ఆ బాధకు తాళలేక పూర్తి మోతాదుకు చేరకముందే మందు మానేసేవారు. అదే మందును చర్మం గుండా రోజంతా నిలకడగా పంపితే తట్టుకోగలరేమో చూద్దామన్న ఆలోచన నుండి ప్యాచ్ పుట్టింది.

ఆ ఆలోచనను పరీక్షించిన తీరు మాత్రం నిజంగా మెచ్చుకోదగినది. 2007లో ప్రచురితమైన ఐడియల్ అనే ఆ పరీక్షలో 21 దేశాలకు చెందిన 1195 మంది రోగులు 24 వారాల పాటు పాల్గొన్నారు. వారిని నాలుగు జట్లుగా విభజించి, ఒక జట్టుకు రోజుకు 9.5 మిల్లీగ్రాములు అందించే ప్యాచ్‌ను, రెండవ జట్టుకు 17.4 మిల్లీగ్రాములు అందించే పెద్ద ప్యాచ్‌ను, మూడవ జట్టుకు రోజుకు 12 మిల్లీగ్రాముల వరకు క్యాప్సూళ్లను, నాలుగవ జట్టుకు మందు లేని ఉత్తుత్తి సరుకును ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికి గానీ వైద్యునికి గానీ తెలియకుండా ఉండడానికి అందరికీ ప్యాచ్, క్యాప్సూల్ రెండూ ఇచ్చారు. కొందరికి ప్యాచ్ అసలుది, క్యాప్సూల్ ఉత్తుత్తిది, మరికొందరికి అది తలక్రిందులు. ప్యాచ్ అనగానే ఏదో కొత్త వైద్యమన్న నమ్మకం రోగి బంధువుల మనసులో ఏర్పడి, లేని మెరుగును కూడా చూపిస్తుంది కనుక ఈ జాగ్రత్త అవసరమైనది.

చివరకు తేలినదేమిటంటే, చిన్న ప్యాచ్ క్యాప్సూల్‌తో సమానంగా పనిచేసింది. అంతకంటే ఎక్కువగా కాదు. తేడా అంతా కడుపు బాధలో కనిపించింది. క్యాప్సూల్ వాడినవారిలో వికారం 23 శాతం మందికి, వాంతులు 17 శాతం మందికి రాగా, చిన్న ప్యాచ్ వాడినవారిలో అవి సుమారు 7, 6 శాతానికి తగ్గాయి. పెద్ద ప్యాచ్‌తో మాత్రం వికారం, వాంతులు తిరిగి క్యాప్సూల్ స్థాయికి చేరాయి. మందు చర్మం గుండా వెళ్లినా మోతాదు మోతాదేనని దీనివల్ల తెలుస్తున్నది. 2007లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్యాచ్‌ను అనుమతించింది కానీ, ఆ పెద్ద ప్యాచ్‌ను కాదు.

ఇక మందు పనిచేసిందన్న మాటకు కొలత ఎంత? జ్ఞాపకశక్తిని, భాషను, గుర్తింపును 70 మార్కులకు లెక్కగట్టే ఒక పరీక్షలో, ఉత్తుత్తి మందు వాడినవారికి, 9.5 మిల్లీగ్రాముల ప్యాచ్ వాడినవారికి మధ్య ఆరు నెలల తరువాత సగటున కనిపించిన తేడా సుమారు ఒకటిన్నర మార్కు. గణాంకాల దృష్టిలో అది నిజమైన తేడాయే. మా ఇంట్లో దాని రూపం ఏమిటంటే, స్నానానికి రమ్మంటే మా అత్తగారు కొన్ని నెలల పాటు ఎదురు తిరగకుండా వచ్చేవారు, తన గిన్నె ఏదో గుర్తుపట్టేవారు. అది మందు మహిమో, ఆ నెలల్లో వ్యాధి నెమ్మదించడమో నేను చెప్పలేను. ఒక్క మనిషిని చూసి అది చెప్పలేము కనుకనే వెయ్యిమందికి పైగా రోగులతో పరీక్ష చేయవలసి వచ్చింది.

కొలత మాట వచ్చింది కనుక మరొకటి మనవి చేస్తాను. ఇటువంటి పరీక్షలలో ఈ రోజు తేదీ ఏమిటి, ఇది ఏ ఋతువు, ఈ మాటలను గుర్తుంచుకుని మళ్లీ చెప్పండి వంటి ప్రశ్నలుంటాయి. బడి మొహం చూడని మా అత్తగారిని వైద్యుడు తేదీ అడిగితే బిక్కమొహం వేశారు; తిథి అడిగి ఉంటే దశమి అని చెప్పి ఉండేవారేమో, ఎందుకంటే మరునాడు ఉపవాసమని ఆ ఉదయమే నాతో రెండుసార్లు అన్నారు. ఈ సమస్యను గుర్తించిన హైదరాబాద్ పరిశోధకులు జ్ఞాపకశక్తిని, ఆలోచనను కొలవడానికి బ్రిటన్‌లో తయారైన అడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగుకు తగినట్లు మలచుకున్నారు. మందు పరీక్షల గురించి వ్రాసేటప్పుడు మార్కులు ఏ పరీక్షలోనివో, ఆ పరీక్ష మన పెద్దలకు ఎంతవరకు అతుకుతుందో కూడా ఒక వాక్యం వ్రాస్తే బాగుంటుంది.

అన్ని ప్యాచ్‌లనూ ఒకే రకంగా పరీక్షించరన్న సంగతి కూడా పాఠకులకు తెలియాలి. అల్జీమర్స్‌కే వాడే మరో పాత మందు డోనెపెజిల్‌తో చేసి, వారానికి ఒక్కసారి మార్చే ప్యాచ్‌కు అమెరికాలో 2022లో అనుమతి లభించింది. మందు పాతదే కనుక, ప్యాచ్ ద్వారా రక్తంలోకి చేరే మందు పాత మాత్రతో చేరేదానికి సమానమా కాదా అన్నదానిని ఆరోగ్యవంతులైన వారిలో కొలిచి చూశారు. దీనిలో తప్పులేదు, కానీ పరీక్షలో నెగ్గింది అన్న మాట ఈ రెండు ప్యాచ్‌లకూ ఒకే అర్థంలో వర్తించదు.

ఇప్పుడు నన్ను ఈ ఉత్తరం వ్రాయించిన అసలు విషయానికి వస్తాను. 9.5 మిల్లీగ్రాముల ప్యాచ్‌లో నిజానికి 18 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇరవై నాలుగు గంటల తరువాత తీసివేసే ప్యాచ్‌లో దాదాపు సగం మందు ఇంకా మిగిలే ఉంటుందన్నమాట. పాతదానిని తీయకుండా పక్కన కొత్తది అతికిస్తే రెండూ మందును పంపుతూనే ఉంటాయి. ఒక పండుగకు నేను రెండు రోజులు ఊరు వెళ్లి తిరిగి వచ్చి, అత్తగారికి స్నానం చేయిస్తుండగా వీపున మూడు ప్యాచ్‌లు కనిపించాయి. అప్పటికే ఆమె వాంతులతో నీరసించి ఉన్నారు, నాడి మందగించింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. తప్పు మా ఆడపడుచుది కాదు. రోజూ ఒకటి అతికించమని చెప్పాను గానీ పాతది తీయమని చెప్పలేదు. పాఠాలు చెప్పిన మనిషిని నేనే ఆ మాట మరిచిపోయాను. ఇటువంటి పొరపాట్ల గురించి బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే వైద్యులను హెచ్చరించింది. ఐడియల్ పరీక్షలో ప్రతి రోగి వెంట అన్నీ వివరంగా విన్న సంరక్షకుడు ఉన్నాడు. మన ఇళ్లలో ఆ పని ఈ వారం కోడలిది, వచ్చే వారం మనవడిది, ఆ పై వారం జీతానికి వచ్చిన ఆయాది.

భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు వ్యాధులన్నిటికీ కలిపి పేరు) ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వారిలో ఎందరి ఇంటికి ఈ ప్యాచ్ చేరినా, పెట్టెలో ఉండే కాగితం సన్నని ఇంగ్లీషు అక్షరాలతోనే ఉంటున్నది. మా అత్తగారి పెట్టెలలో ఒక్క తెలుగు మాట కూడా నాకు కనిపించలేదు. ఔషధ నియంత్రణ అధికారులు, తయారీదారులు కనీసం ఈ సంగతులనైనా తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: పాతది తీసిన తరువాతనే కొత్తది అతికించాలి, తీసినదానిని అంటుకునే వైపు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పారవేయాలి, నూనె గానీ పౌడరు గానీ లేని పొడి చర్మంపైనే అతికించాలి, ఒకసారి అతికించిన చోట పద్నాలుగు రోజుల వరకు మళ్లీ అతికించకూడదు, మూడు రోజులకు మించి ఆపినట్లయితే తిరిగి చిన్న మోతాదుతో మొదలుపెట్టడానికి వైద్యుని అడగాలి. ఈ జాబితా అచ్చయ్యేవరకు వేచి ఉండనవసరం లేదు. గోడ మీది క్యాలెండరులో అతికించిన వేళను, వీపున ఏ పక్కన అతికించారో రోజూ వ్రాసి, పాతది తీసినట్లు ఒక గీత గీస్తే చాలు. ఆ ఆసుపత్రి రోజుల తరువాత మా ఇంట్లో చివరి వరకు చేసినది అదే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసీ అధ్యాపకురాలు,
తెనాలి.