బాలి విల్లా ప్రకటనల్లో ఎన్నేళ్ల హక్కో కూడా వేయించండి

గౌరవనీయ సంపాదకులకు,

బాలి పల్లెల్లో వరి మళ్ల మధ్య విల్లా 'సొంతం చేసుకోండి' అంటూ తెలుగువారి కోసం ప్రకటనలు ఎక్కువయ్యాయి. 2024లో బెంగళూరు నుంచి బాలిలోని దెన్‌పసార్‌కు ఇండిగో నేరుగా విమానం వేశాక, వారం రోజులు తిరిగొచ్చే లోపే అడ్వాన్సు ఇచ్చేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఆ ప్రకటనల్లో అసలు సంగతి మాత్రం ఉండదు. ఇండోనేషియాలో భూమి మీద పూర్తి హక్కు, అక్కడి మాటలో హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే దక్కుతుంది. 1960 నాటి 5వ నంబరు భూచట్టం 21వ సెక్షన్‌లోనే ఇది రాసి ఉంది.

'అదంతా మేం చూసుకుంటాం, మా డ్రైవరు పేరు మీద పెడదాం' అని ఏజెంటు అంటే అది శుద్ధ బినామీ. అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం నేరుగా గానీ చాటుగా గానీ విదేశీయుడికి భూమి చేరేలా చేసిన లావాదేవీ చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి రాదు. పక్కన ఇంకో రహస్య అగ్రిమెంటు రాసుకున్నా, కోర్టులో అది మీ తప్పుకే సాక్ష్యమవుతుంది.

సక్రమంగా దొరికేది లీజు. అక్కడ స్థలాన్ని ఆర్‌లలో కొలుస్తారు. ఒక ఆర్ 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు 120 గజాలు, రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ. ధర 'ఏడాదికి ఆర్‌కు ఇంత' అని చెప్తారు కాబట్టి వినడానికి చవగ్గా ఉంటుంది. లెక్క కట్టి చూడండి. ఆర్‌కు ఏడాదికి కోటి రుపియా అనుకుంటే, ఐదు ఆర్‌లకు పాతికేళ్లకు 125 కోట్ల రుపియా. మన రూపాయికి 185 రుపియా చొప్పున 67 లక్షల పైమాటే, అదీ మామూలుగా మొత్తం ముందే చెల్లించాలి. గడువు తీరితే స్థలం యజమానికి వెళ్లిపోతుంది. మీరు కట్టిన ఇంటి సంగతి అగ్రిమెంటులో తేల్చుకోకపోతే అదీ ఆయనదే. మన దగ్గర ప్లాటు అట్టే పెడితే రేటు పెరుగుతుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఎనిమిదేళ్లకు అమ్మబోతే కొనేవాడి చేతికొచ్చేది పదిహేడేళ్లే, బేరం ఆ పదిహేడేళ్లకే.

'ఇంకో పాతికేళ్లు పొడిగించుకోవచ్చు' అనే వాక్యాన్ని జాగ్రత్తగా చదవండి. దాని పక్కన 'అప్పటి మార్కెట్ ధరకు, ఇరువురి అంగీకారంతో' అని ఉంటే ఆ హామీకి విలువ లేదు. ధర తేల్చే సూత్రం ఇప్పుడే రాయించుకోవాలి.

నివాస అనుమతి ఉన్నవారికి హక్ పకాయ్, అంటే వాడుకునే హక్కు ఉంది. 2021 నాటి 18వ ప్రభుత్వ నియమావళి ప్రకారం మొదట 30, పొడిగింపుకు 20, పునరుద్ధరణకు 30 చొప్పున గరిష్ఠంగా 80 ఏళ్లు. కంపెనీ పెట్టే దారీ ఉంది గానీ, విదేశీ కంపెనీ పెట్టుబడి ప్రణాళిక 1,000 కోట్ల రుపియా, అంటే మన ఐదు కోట్ల రూపాయల పైన ఉండాలి. ఒక్క విల్లా కోసం అంత హంగామా దండగ.

ఇక కాగితాలు. పల్లెల్లో సర్టిఫికెట్ తాత పేరు మీదే ఉండిపోవడం మామూలే. అప్పుడు వారసులందరూ, వాళ్ల భార్యలు, భర్తలు సంతకం పెట్టాలి. ఊరు వదిలి వెళ్లిన ఒక్క తమ్ముడి సంతకం లేకపోయినా గొడవ అక్కడే మొదలవుతుంది. పిపిల్ అనే పాత శిస్తు కాగితం చూపిస్తే ఆగిపోండి, అది హక్కు పత్రం కాదు. అలాంటివి సర్టిఫికెట్‌గా మార్చుకోవడానికి ఆ 2021 నియమావళి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 2 వరకే. గుడి మాన్యాలు, ఊరి కట్టుబాటు కింద ఉన్న స్థలాలు ఇంకో తలనొప్పి. గ్రామ ఆచార మండలి ఒప్పుకోకుండా వాటిని ముట్టుకోకూడదు. నోటరీ చేత భూమి కార్యాలయంలో సర్టిఫికెట్ తనిఖీ చేయిస్తే, బ్యాంకు తాకట్టు ఉందో లేదో బయటపడుతుంది. మామూలు లీజు ఆ సర్టిఫికెట్‌లో నమోదు కాదు. అందుకే లీజు నడిచినన్నాళ్లూ సర్టిఫికెట్ ఒరిజినల్ నోటరీ దగ్గరే ఉండేలా రాయించుకోవడం మంచిది.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది జోను, అంటే ఆ స్థలాన్ని దేనికి వాడనిస్తారన్నది. మ్యాపులో ఆకుపచ్చ పడితే అది సాగుభూమి, విల్లా కట్టడానికి అనుమతి రాదు. ఫొటోలో అందంగా కనిపించే మడి చాలాసార్లు అదే. ఏజెంటు ఫోనులో చూపించే మ్యాపు చాలదు, జిల్లా ప్రణాళికా కార్యాలయం నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి.

జోను కుదిరినా నీళ్ల సంగతి మిగిలే ఉంటుంది. బాలి వరి సాగంతా సుబాక్ అనే రైతుల నీటి సంఘాల చేతిలో ఉంటుంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది ఈ పద్ధతినే. కాలువకు అడ్డంగా ఒక దుంగ వేసి, దాంట్లో గాడులు కోస్తారు. ఎవరి వాటా ఎంతో వాళ్ల గాడి అంత వెడల్పు. మేస్త్రీ లారీ తిరగడానికని ఆ దుంగ మీద మట్టి పోశాడంటే కింది మళ్లన్నీ ఎండుతాయి, పని ఆ రోజే ఆగుతుంది. కాలువ దాటి దారి వేయాలన్నా, గోడ కట్టాలన్నా ముందు సంఘం పెద్ద పెకాసేతో మాట్లాడాలి. దారి వెడల్పు టేపు పెట్టి కొలవండి. చిన్న ట్రక్కు కూడా దూరకపోతే ఇసుక, సిమెంటు మనుషులు మోసి చేర్చాలి, ఖర్చు అక్కడే పెరిగిపోతుంది. 210 రోజులకొకసారి వచ్చే గలుంగన్ పండక్కి బాలి కూలీలు, రంజాన్ పండక్కి జావా కూలీలు ఊళ్లకు వెళ్తారు. పని గడువు రాసుకునేటప్పుడు ఇవి కలుపుకోండి.

ఉండటానికే వెళ్లేవారు ముందు ఏడాది అద్దెకు తీసుకోవడమే తెలివి. నవంబరు నుంచి మార్చి దాకా వాన చూడకుండా ఏ ఇల్లూ ఖాయం చేసుకోవద్దు. పల్లె ఇళ్లకు కరెంటు కనెక్షన్ తరచూ 900 వీఏ, అంటే నాలుగు ఆంపియర్లు. రైస్ కుక్కరు, నీళ్ల మోటారు కలిపి వేస్తే మీటరు ట్రిప్పవుతుంది. చాలాచోట్ల ప్రీపెయిడ్ మీటరే, 20 అంకెల టోకెన్ కొట్టుకోవాలి. మన మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు. దిగగానే వీధి పెద్దకూ, బాంజార్ అనే ఊరి సంఘం పెద్దకూ పాస్‌పోర్టు నకలు ఇచ్చి చెప్పుకోవాలి, నెలనెలా చందా అడిగితే ఇవ్వాలి. శాకాహారులు సంబల్ అనే మిరప పచ్చడితో జాగ్రత్త, దాంట్లో రొయ్యల ముద్ద కలుస్తుంది. 'తన్పా తెరాసి' (ఆ ముద్ద లేకుండా) అని ముందే చెప్పండి. కుక్క కరిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. 2008 నుంచి బాలిలో రేబిస్ ఉంది. న్యెపి అనే మౌన పండగ రోజున ఎయిర్‌పోర్టుతో సహా ద్వీపమంతా 24 గంటలు మూత. 2026లో అది మార్చి 19, మన ఉగాది రోజే.

దిగాక ఇచ్చే వీసా 5 లక్షల రుపియా, 30 రోజులు, ఒక్కసారే పొడిగింపు. దాంతో వెళ్లి సొంత విల్లాలో అతిథుల్ని చూసుకున్నా పని చేసినట్టే లెక్క. గడువు మీరితే రోజుకు 10 లక్షల రుపియా జరిమానా, 60 రోజులు దాటితే దేశ బహిష్కరణ. ఇండియా నుంచి డబ్బు ఎల్‌ఆర్‌ఎస్ అనే ఆర్‌బీఐ విదేశీ చెల్లింపుల పథకం కింద బ్యాంకు ద్వారానే పంపాలి. ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్లు పరిమితి, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపకపోతే జరిమానా వేరే. ఏజెంటు సొంత ఖాతాకు పంపమంటే పంపవద్దు.

కనుక మా విన్నపం ఒక్కటే. ఇలాంటి ప్రకటన తీసుకునేటప్పుడు హక్కు రకం, మిగిలిన సంవత్సరాలు, జోను, పొడిగింపు ధర సూత్రం, ఈ నాలుగూ ధర వేసినంత అక్షరాల్లోనే వేయించండి. ఇవ్వలేమన్నవారి ప్రకటన తీసుకోకండి.

ఇట్లు,
ఇండోనేషియాలో ఉంటున్న కొందరు తెలుగువారు,
దెన్‌పసార్