అరకు రైలు: అద్దాల పెట్టెతో పాటు మామూలు పెట్టెలూ ముఖ్యమే

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే అరకు రైలుకు మరిన్ని అద్దాల పెట్టెలు తగిలించాలన్న కోరిక వినిపిస్తూ ఉంటుంది. ఆ కోరికను తప్పుపట్టను. అయితే అలా చేర్చేటప్పుడు అదే రైలులోని జనరల్ పెట్టెల్లో ఒక్కటి కూడా తగ్గకూడదని, వీలుంటే ఒకటి రెండు పెరగాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. మా మనవరాలితో కలిసి ఉదయం విశాఖపట్నంలో అద్దాల పెట్టె ఎక్కి అరకు వెళ్లి, సాయంత్రం జనరల్ పెట్టెలో తిరిగివచ్చిన ఒక రోజు ప్రయాణమే నాచేత ఈ మాట రాయిస్తోంది.

మేము విజయనగరం వాళ్లం. రైలు విశాఖలో తెల్లవారి ఏడు గంటలలోపే బయలుదేరుతుంది కాబట్టి ముందురోజు రాత్రే వెళ్లి బంధువుల ఇంట్లో పడుకున్నాం. 2017 ఏప్రిల్‌లో మొదలైన ఈ విస్టాడోమ్ పెట్టెకు కిటికీలే కాక పైకప్పులోనూ గాజు పలకలు ఉంటాయి, కుర్చీలు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా చూడడానికి పొలాలూ తాటిచెట్లూ తప్ప పెద్దగా ఏమీ లేవు కాబట్టి పిల్ల కుర్చీ తిప్పుకుంటూనే కాలక్షేపం చేసింది. బొడ్డవర తర్వాత ఘాట్ మొదలై, ఒక పక్క కొండ, మరో పక్క లోయ కనిపించేసరికి కుర్చీ దానంతటదే ఆగింది.

పసుపు రంగు స్టేషన్ బోర్డుల మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాలతో సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుందన్న సంగతి పిల్లకు అంతకుముందు తెలియదు. ఒకసారి చూపించానో లేదో శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస అంటూ ప్రతి స్టేషన్‌లోనూ అద్దానికి ముక్కు ఆనించి ఆ అంకె వెతికి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. శిమిలిగూడలో ఆ అంకె 996 మీటర్లు దాటింది. కాశ్మీర్ లోయలో రైలు నడవక ముందు దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదని దీనికి పేరుండేది. అక్కడి నుంచి అరకుకు దారి దిగుతుంది. సొరంగాల లెక్క మాత్రం ఇరవై దాటాక తప్పిపోయింది. కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఈ లైను చివరి స్టేషనైన కిరండూల్ దాకా మొత్తం 58 ఉన్నాయని నేను చెప్పగానే, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతానంది.

దారిలో ఒక చిన్న స్టేషన్‌లో క్రాసింగ్ కోసం మా రైలును చాలాసేపు ఆపారు. ఎదురుగా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు రైలు కొండ దిగివస్తోంది. వ్యాగన్ల నిండా ఎర్రమట్టి, పక్క పట్టాల మీది కంకరకూ అదే రంగు. "తాతయ్యా, రాళ్లబండి కోసం మనమెందుకు ఆగాలి?" అని పిల్ల అడిగింది. "ఈ దారి వేసిందే దానికోసం తల్లీ" అన్నాను. నిజానికి అంతే కదా. బైలాడిలా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో తూర్పు కనుమలను తొలిచి ఈ మార్గం వేశారు. ప్రయాణికుల రైలు ఆ తర్వాత వచ్చిన చుట్టం. పర్యాటకులమైన మనం ఆ చుట్టానికి చుట్టాలం. ఇప్పుడు రెండో లైను పనులు సాగుతున్నాయి గనక క్రాసింగుల నిరీక్షణ ముందుముందు తగ్గవచ్చు.

అరకులో వలిసె పూలు విరగబూసి ఉన్నాయి. దాని గురించి ఏటా మీ పత్రికలోనే బొమ్మలు వస్తాయి కాబట్టి నేను వర్ణించను.

తిరుగు ప్రయాణంలో జనరల్ పెట్టెలో మా ఎదురు బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుంది. సంతలో కొన్న ఉప్పు ప్యాకెట్లు, ఎండు నెత్తళ్లు, ఒక కొత్త అల్యూమినియం డేగిసా ఆమె గోనెసంచిలో ఉన్నాయి. పక్కవాళ్లతో ఆదివాసీ ఒడియాలో, మాతో తెలుగులో మాట్లాడుతోంది. మనవరాలు వేళ్లు మడిచి సొరంగాలు లెక్కపెట్టడం గమనించి, చీకటి పడే ప్రతిసారీ ముందే చెప్పసాగింది: "ఇప్పుడొచ్చేది పొడుగుదమ్మా, సెయ్యి లోపలికెట్టు." ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో, ఏది పొట్టిదో, ఏ గోడ నుంచి నీళ్లు కారతాయో ఆమెకు కంఠతా వచ్చు. సొరంగంలోకి రైలు దూరగానే పెట్టెలోని పిల్లలంతా కలిసి కేక వేసేవారు, తడి రాతి వాసన, దానితోపాటు నెత్తళ్ల వాసన ముఖానికి కొట్టేవి. ఉదయం మేము ఇవే సొరంగాలను ఏసీ చల్లదనంలో, అద్దంలో మా ముఖాలు మాకే కనిపిస్తుండగా దాటాం. టికెట్టు ధరలో ఎన్నో రెట్లు తేడా ఉన్నా, చూడడం వరకు నాకు సాయంత్రపు కిటికీయే నచ్చింది.

ఆ పెద్దావిడ ఘాట్‌లోని ఒక చిన్న స్టేషన్‌లో దిగింది. అక్కడి నుంచి వాళ్ల ఊరికి కొండమీదుగా గంట నడకట. పెట్టెలో కిక్కిరిసిన జనం మధ్య నుంచి ఆమె సంచిని తలుపు దాకా చేతులు మార్చి అందించాల్సి వచ్చింది. రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే కదా. మనకు ఇది ఏడాదికొకసారి చేసే విహారం, ఆమెకు ఇది సంతకూ ఆసుపత్రికీ పోయే బండి.

ఇంజను లాగగలిగే పెట్టెలకూ, ప్లాట్‌ఫారం పొడవుకూ ఒక హద్దు ఉంటుంది కాబట్టి ఒకటి చేర్చాలంటే మరొకటి తీయాలన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు రాకమానదు. అలాంటి అవసరమే వస్తే పర్యాటకులకు సెలవు రోజుల్లో వేరే ప్రత్యేక రైలు నడపడం మేలు. దానికి ఎక్కువ ధర పెట్టినా కొనేవాళ్లున్నారు, నేనూ కొంటాను. పెట్టెల సంఖ్య నిర్ణయించేటప్పుడు విశాఖలో అద్దాల పెట్టె కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నవారిని మాత్రమే కాక, సంత రోజున చిమిడిపల్లి, కరకవలస వంటి స్టేషన్లలో సంచులతో నిలబడేవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలని రైల్వే అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
విజయనగరం.