గూడెంలో తీసిన రక్తం ఏం చెప్పిందో గూడేనికి తెలియాలి

సంపాదకులకు,

అయ్యా,

గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య సికిల్ సెల్ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. నలభై ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలన్నది అందులో ముఖ్యమైన భాగం. ఇది ఎప్పుడో జరగవలసిన పని, దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే ఇలాంటి పరీక్షలైనా, పరిశోధనా సంస్థలు విడిగా చేసే సర్వేలైనా, వాటి ఫలితం రక్తమిచ్చిన మనిషి దాకా చేరుతోందా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

నల్లమల అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరోగ్య పర్యవేక్షకుడిగా పనిచేసిన రోజుల్లో, బయటి నుంచి వచ్చిన ఒక పరిశోధక బృందాన్ని చెంచు గూడేనికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. పిల్లల బరువులు తూచారు, పెద్దల రక్తం తీసుకున్నారు, కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. సూదిని చూసి వెనక్కి తగ్గినవాళ్లు కూడా నా మాట మీద చేతులు చాచారు. ఆ బృందం మళ్లీ రాలేదు. తర్వాత నేను టీకాలకు వెళ్లినప్పుడల్లా ఒక పెద్దావిడ, "నా రగతంలో ఏముండాదంట సారూ?" అని అడిగేది. ఇంకా చెప్పలేదమ్మా అనేవాణ్ణి. కొన్నేళ్లకు ఆమె అడగడం మానేసింది. అప్పుడు ఆ బృందానికి ఒక ఉత్తరమైనా రాసి నిలదీయకపోవడం నా తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇదే బాధను మనకంటే ముందు పడి, దానికి ఒక దారి చూపించినవాళ్లు కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో నివసించే ఇన్యూట్ ప్రజలు. ఆ దేశంలో వారి జనాభా సుమారు 70 వేలు. 1950ల నుంచి ప్రతి వేసవిలో ఒక ప్రభుత్వ నౌక వారి తీరాలకు వచ్చి ఎక్స్‌రేలు తీసేది. క్షయ ఉందని తేలినవారిని అప్పటికప్పుడు కెనడా దక్షిణ ప్రాంతంలోని శానటోరియాలకు, అంటే క్షయ ఆసుపత్రులకు, తీసుకుపోయేది. వైద్యంతో ఎందరో బతికారు, అది కాదనలేం. కానీ అక్కడ చనిపోయినవారి సమాధులు ఎక్కడున్నాయో కూడా చాలా కుటుంబాలకు దశాబ్దాల తరబడి ఎవరూ చెప్పలేదు. 2019 మార్చిలో అప్పటి కెనడా ప్రధాని ట్రూడో ఉత్తరాన ఉన్న ఇకాలూయిట్ పట్టణానికి వెళ్లి ఇందుకు క్షమాపణ చెప్పారు.

వారి అనుభవంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది తల్లిపాల సంగతి. 1980ల చివర్లో క్యుబెక్ రాష్ట్రపు ఉత్తర భాగమైన నునావిక్‌లో పరిశోధకులు తల్లుల పాలను పరీక్షించారు. ఫ్యాక్టరీలకు అంత దూరంలో ఉన్నవారి పాలు శుభ్రంగా ఉంటాయనుకుంటే, ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీ రసాయనాలు దక్షిణ కెనడా తల్లుల పాలలో కంటే దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు తేలింది. గాలి, సముద్ర ప్రవాహాలు మోసుకొచ్చిన ఆ విషం సీల్, తిమింగలాల కొవ్వులో పేరుకుని, వాటిని తినే తల్లుల పాలలోకి చేరింది. బిడ్డకు పాలు మానేయాలా అన్న భయం ఎంతటిదో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. పాల వల్ల కలిగే మేలే ఎక్కువ గనుక ఆపవద్దని వైద్యులు సలహా ఇచ్చారు. అక్కడితో ఆగిపోతే అదీ ఒక పరిశోధనా పత్రంగా మిగిలిపోయేది. కానీ ఇన్యూట్ నాయకులు ఆ అంకెలను తామే చేతబట్టుకుని ప్రపంచం ముందుకు వెళ్లారు. ఇలాంటి రసాయనాలను అరికట్టేందుకు 1999లో నైరోబీలో జరిగిన అంతర్జాతీయ చర్చల్లో ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్ క్లూటియే తల్లీబిడ్డల శిల్పాన్ని బహూకరించారు. ఆ చర్చల ఫలితంగా వచ్చిన 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందపు పీఠికలో, ఈ రసాయనాల వల్ల ఆర్కిటిక్ ఆదిమ ప్రజలకు ప్రత్యేకమైన ముప్పు ఉందన్న మాట చేరింది. పరీక్ష ఫలితం తమకు తెలిసింది గనుకే వారు అంత దూరం వెళ్లగలిగారు.

ఇప్పుడు కెనడా ఉత్తరాన ఇన్యూట్లు ఎక్కువగా ఉండే నునావుట్ అనే మరో ప్రాంతంలో ఆరోగ్య పరిశోధన చేయాలంటే అక్కడి పరిశోధనా సంస్థ నుంచి లైసెన్సు తీసుకోవాలి, పని వివరాన్ని స్థానిక భాషలో సులభంగా రాసి ఇవ్వాలి. తమ గురించి సేకరించిన సమాచారం మీద అధికారం తమకే ఉండాలని వారి జాతీయ సంఘం 2018లో ప్రకటించిన పరిశోధనా విధానం కోరుతోంది.

మన దగ్గర నిబంధనలు లేవని కాదు. గిరిజనుల వంటి బలహీన వర్గాలపై పరిశోధనకు ప్రత్యేక జాగ్రత్తలు అవసరమని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకుముందే, ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు చేసిన విషయాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. కాగితం మీదున్న నియమం గూడెం గడప దాటాలంటే దాన్ని అమలు చేసే బాధ్యత ఒకరి మీద పెట్టాలి.

కనుక నంద్యాల, కర్నూలు జిల్లాల కలెక్టర్లకు, శ్రీశైలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులకు నా విన్నపం ఇది. నల్లమల గూడేల్లోకి ఏ బృందం వచ్చినా, ఎందుకు వచ్చిందో, ఏం తీసుకుంటుందో, ఫలితం ఎప్పుడు ఎవరు చెబుతారో తెలుగులో రాసిచ్చి, దాన్ని చదివి వినిపించిన తర్వాతే అనుమతించాలి. అనుమతినిచ్చే సమావేశంలో చెంచు స్త్రీపురుషులు కూర్చోవాలి, వద్దనే హక్కు వారికి ఉండాలి. ఎవరి ఫలితం వారికి విడిగా చెప్పాలి. రోగం బయటపడితే ఏ ఆసుపత్రికి వెళ్లాలో, ప్రయాణ ఖర్చు ఎవరు భరిస్తారో కూడా అప్పుడే చెప్పాలి. గూడెం మొత్తానికి సంబంధించిన ఫలితాన్ని పరిశోధనా పత్రికలో అచ్చు వేయకముందే అక్కడికి వెళ్లి వినిపించాలి. అందుకు వెళ్లేవాళ్లు తేనెకూ జిగురుకూ జనం అడవిలోకి పోయే రోజుల్లో కాకుండా, అందరూ ఇళ్ల దగ్గర ఉండే రోజును ముందుగా అడిగి తెలుసుకుని వెళ్లాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
కర్నూలు