ఆ రాజీ కాగితం రాసింది నేనే

సంపాదకుడు గారికి,

2024 అక్టోబరులో ఇక్కడ బెంగళూరు బాబూసాపాళ్యలో కడుతున్న బిల్డింగ్ కూలినప్పుడు, చనిపోయినవాళ్ల లెక్క రోజూ పేపర్లో చూశాం. దెబ్బలతో బయటపడ్డవాళ్లు ఏమయ్యారో మళ్లీ నా కంటపడలేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. బెంగళూరులో పదకొండేళ్లు సైట్ సూపర్‌వైజరుగా చేసిన నేను కూడా ఎవరినీ అడగలేదు.

పోయిన నెల ఒకతను మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. నారాయణపేట దగ్గరి పల్లె. 2021లో సర్జాపుర రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్లో రెడీమిక్స్ కాంక్రీటు బండి రివర్స్ వస్తూ అతని కాలి మీదకి ఎక్కింది. వెనక నిలబడి చెయ్యి ఊపాల్సిన మనిషిని స్లాబ్ పనికి పైకి పంపేశారు. కాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు.

మూడో వారంలోనే కాంట్రాక్టరు లక్షన్నర చేతిలో పెట్టి, ఇక నాకు రావాల్సింది ఏమీ లేదు, కేసు వెయ్యను అని సంతకం పెట్టించుకున్నాడు. అతనికి కన్నడం రాదు కాబట్టి కాగితం తెలుగులో ఉండాలన్నారు. రాసింది నేనే. కూలీల్ని పనికి తెచ్చే గుంపు మేస్త్రీ సాక్షి. ఆస్పత్రి బిల్లు కూడా కట్టాడు కదా, మంచివాడే అనుకుంటూ ఆ రాత్రే బస్సెక్కించాం.

అలాంటి కాగితం చెల్లదని తర్వాతెప్పుడో తెలిసింది. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదని అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం 17వ సెక్షన్ చెప్పింది. లెక్క కూడా ఆ చట్టంలోనే ఉండేది. అప్పటి పరిమితి ప్రకారం నెల జీతం 15,000 అనుకుంటే, అందులో 60 శాతం 9,000. ముప్పై ఏళ్లవాడికి దాన్ని 207.98తో హెచ్చించాలి. మోకాలి కింద కాలు పోతే అందులో కనీసం సగం. తొమ్మిది లక్షల ముప్పై అయిదు వేల పైమాట. మేం లక్షన్నరతో పంపేశాం.

డబ్బు సంగతి అలా ఉంచండి. కాలు తీసేస్తే ప్రమాదం అక్కడితో అయిపోయిందనుకున్నాం. కాలేదు. కోసిన చోట కండ తగ్గి, పెట్టుడు కాలు వదులై, ఒరుసుకుని పుండు పడింది. కొన్నేళ్లకోసారి పెట్టుడు కాలి తొడుగు మార్పించాలని అతనికి ఎవరూ చెప్పలేదు. బరువంతా మంచి కాలి మీదే పడి ఆ మోకాలూ అరిగిపోతోంది, నడుం పట్టేస్తోంది. ఊళ్లో డాక్టరు ఇచ్చే నొప్పి మాత్రలు నాలుగేళ్లుగా మింగుతున్నాడు. అవి కిడ్నీని తింటాయని మా అమ్మాయి చెప్తే నవ్వి ఊరుకున్నాడు. రాత్రి లేని పాదం దురద పెడుతోందని లేచి కూర్చుంటాడు. మా వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చి రివర్స్ హారన్ మోగినప్పుడు చేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది. నాలుగేళ్ల తర్వాత కూడా!

అతనొక్కడే కాదు. తలకి దెబ్బ తగిలి బాగానే ఉన్నాడని పంపేసినవాడికి ఏడాదో రెండేళ్లో పోయాక ఫిట్స్ మొదలవ్వచ్చు. బ్రేకర్ మిషన్ పట్టి ఏళ్ల తరబడి రోడ్డు పగలగొట్టినవాడి వేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారతాయి, చొక్కా బొత్తాం కూడా పెట్టుకోలేడు. దాన్ని ప్రమాదం అని కూడా ఎవరూ అనరు.

కట్టే ప్రతి పెద్ద బిల్డింగ్ ఖర్చులో ఒక శాతం సెస్ అనే పన్నుగా కార్మికుల సంక్షేమ బోర్డుకి వెళ్తుంది. అది అందాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించి పేరు నమోదు చేయించుకోవాలి. మా మేస్త్రీలు రెండు నెలలకోసారి మనుషుల్ని సైట్ మారుస్తారు, సర్టిఫికెట్ ఎవరిస్తారు? పని కర్ణాటకలో, ఇల్లు తెలంగాణలో. నారాయణపేటలో డాక్టరుకి బెంగళూరు ఆస్పత్రి కాగితాలు కావాలి, అవి మేస్త్రీ బ్యాగులో ఎక్కడో పోయాయి.

అందుకే బోర్డువాళ్లు సైట్‌కే వచ్చి పేర్లు రాసుకోవాలి. గాయపడినవాడితో రాజీ ఏదైనా లేబర్ కమిషనర్ ముందే, అతనికి వచ్చిన భాషలోనే జరగాలి. అదీ వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చాకే, మూడో వారంలో కాదు. ఆ పాత చట్టం ప్రకారం పరిహారానికి రెండేళ్లలోపు దరఖాస్తు చేసుకోవాల్సింది. తగిన కారణం చూపిస్తే ఆలస్యమైనా తీసుకోవచ్చని అందులోనే ఉండేది కాబట్టి, అతని చేత దరఖాస్తు పెట్టిస్తున్నాను.

ఆ రాజీ కాగితం జిరాక్స్ నా దగ్గరుంది. అది నా చేతిరాతేనని, ఎవరు చెప్తే రాశానో, ఏ ఆఫీసులో అడిగినా చెప్తాను.

— ఒక మాజీ సైట్ సూపర్‌వైజర్, మారతహళ్లి, బెంగళూరు