ఆరుబయట కారుకు రంగు కొట్టేవారికి అసలు ముప్పు దుమ్ము కాదు

సంపాదకులకు,

ముచ్చటపడి దాచుకున్న పాత కారుకు ఇంటి ఆవరణలోనే రంగు కొట్టుకోవాలనుకునేవారు మొదట భయపడేది దుమ్ముకు. నిజానికి దుమ్ము చిన్న సమస్య. పూత బాగా గట్టిపడ్డాక 1500, ఆపైన 2000 నంబరు వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో తడిపి రుద్ది, కాంపౌండ్ అనే మెరుగు పేస్టు పెట్టి పాలిష్ చేస్తే నలకలూ పోతాయి, వాలిన దోమ ఆనవాలూ పోతుంది. అయితే ఇది సాదా రంగుకే చెల్లుతుంది. ఆరుబయట తళుకులుండే మెటాలిక్ రంగు జోలికి పోవద్దు. గాలి కాస్త వాటు మారితే చాలు, అందులోని అల్యూమినియం పలుకులు ఒక్కోచోట ఒక్కో తీరుగా పరుచుకుని మచ్చలు తేలతాయి. దాని మీద కొట్టే రంగులేని మెరుపు పూత, అంటే క్లియర్ కింద చిక్కిన దోమను తీయాలంటే ఆ భాగమంతా మళ్లీ కొట్టాల్సిందే. తెలుపో ఎరుపో, క్లియర్ అక్కర్లేని సింగిల్ స్టేజ్ రంగు మేలు.

పనిని చెడగొట్టేది ఎండా, మంచూ. ఎండలో కాలిన రేకు మీద కొడితే పైపొర ముందే తోలు కట్టేస్తుంది. అడుగున చిక్కిన థిన్నర్ ఆవిరి దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది, పూతంతా సూదిమొన బెజ్జాలే. అందుకే నీడ కావాలి, వేడి రోజైతే నెమ్మదిగా ఆరే థిన్నర్, హార్డెనర్ (రంగు గట్టిపడేందుకు కలిపే ద్రవం) వాడాలి. సాయంత్రం మొదలుపెడితే సగం ఆరిన పూత మీద మంచు పడి మెరుపు చచ్చిపోతుంది, పైగా దీపాలకు పురుగులు. పొద్దున రేకు మీది తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు ముగించాలి. అరగంట ముందు నేల తడపండి, నీళ్లు మాత్రం నిలవకూడదు. స్ప్రే గన్ గాలికి ఆ నీళ్లే చిట్లి తలుపుల అడుగు అంచుల మీద పడతాయి. ఆకులు కదిలేంత గాలి ఉంటే ఆ రోజుకు మానుకోండి. ఎగిరిన రంగు పొడి పక్కవాళ్ల వాహనాల మీద గరుకుగా అతుక్కుంటుంది.

సొట్టలు పూడ్చిన లప్పాన్ని 80 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 180తో చదును చేయాలి. రంగుకు ముందు వేసే అడుగు పూత, అంటే ప్రైమర్ మీద నల్ల స్ప్రేను పలచగా చిలకరించి, ఆ నలుపంతా పోయేదాకా 600 నంబరుతో తడిపి రుద్దితే ఏ పల్లమూ దాగదు. డ్యాష్‌బోర్డు పాలిష్‌లోని సిలికాన్ రవ్వంత అంటుకున్నా రంగు అక్కడ నిలవక గుండ్రంగా విడిపోతుంది. రేకును జిడ్డు తీసే క్లీనర్‌తో తుడిచి, అది ఆరేలోపే వేరే పొడిగుడ్డతో ఎత్తేయాలి. గన్‌కు గాలినిచ్చే కంప్రెసర్ పక్కనే, ఆ గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్ బిగిస్తే లాభం లేదు, అక్కడ గాలి వేడిగా ఉండి నీరు ఇంకా ఆవిరిగానే ఉంటుంది. ఏడెనిమిది మీటర్ల పైపు దాటాక బిగించాలి.

గన్‌కు 1.3 లేదా 1.4 ఎంఎం నాజిల్, రేకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. రెండో కోటుకు ముందు మాస్కింగ్ టేపు మీది రంగును వేలితో తాకి చూడండి. తీగ సాగితే ఇంకా ఆగాలి. జిగురుగా ఉండి తీగ సాగకపోతే కొట్టవచ్చు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ‘ఆరుబయటే కదా, మాస్కు ఎందుకు’ అనే మాట ప్రమాదకరం. పీయూ (పాలీయురేథేన్) రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి. గన్ తుంపర ముందు ముఖం చుట్టూనే కమ్ముకుంటుంది. ఐసోసైనేట్ హానికర స్థాయికి చేరినా వాసన తెలియకపోవచ్చు, కాబట్టి గాలిని వడకట్టే డబ్బీలుండే కార్ట్రిడ్జ్ మాస్కు పనిచేయడం మానేసినా మనకు తెలియదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదుకే ఉబ్బసం వస్తుంది. చర్మానికి తగలడమూ మంచిది కాదు. దూరం నుంచి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే మాస్కు లేనివారు పీయూ కొట్టకూడదు.

అలాంటివారికి సింథటిక్ ఎనామిల్, స్పాంజి రోలర్ చాలు. పాలలా పలచన చేసి ఐదారు కోట్లు వేస్తూ, ప్రతి రెండు కోట్లకూ ఆరనిచ్చి 800 నంబరుతో రుద్దాలి. రోజులు పడుతుంది, పీయూ అంత గట్టిదనం రాదు. కానీ తుంపర లేచేది ఉండదు. థిన్నర్ ఆవిరికి కార్ట్రిడ్జ్ మాస్కు సరిపోతుంది. త్వరగా ఆరాలని అందులో ఎనామిల్ హార్డెనర్ కలిపితే మాత్రం అదే ఐసోసైనేట్ మళ్లీ వచ్చి చేరుతుంది.

హార్డెనర్ తయారుచేసేవారు కలపాల్సిన పాళ్లు, కోట్ల మధ్య ఆగాల్సిన సమయం, వాడాల్సిన మాస్కు రకం తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో డబ్బా మీదే ముద్రించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
పాత కార్లపై మక్కువ ఉన్న పాఠకులు