శిరీషకు, హన్మకొండ నుంచి

చిరంజీవి శిరీషకు,

బాపు ఆశీస్సులు. ఫోన్‌లో రెండు మాటలు కాకముందే "మీటింగ్ ఉంది బాపూ" అని పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను. ప్రత్యేకంగా చెప్పాల్సిందేమీ లేదు.

ఇక్కడ చలి బాగా ఉంది. మీ అమ్మ సకినాలకు బియ్యం నానబోసింది, కొమురమ్మత్త వస్తే పోస్తారు. రాజన్న మామ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రోజు మనింట్లోనే పడుకున్నాడు, నిన్నే అడిగాడు. వంశీ కూడా వచ్చి పోయాడు. చెన్నైలో కూడా నువ్వు స్వెట్టర్ వేసుకునే తిరుగుతున్నావట. పిన్ నంబరు గుర్తురాక ఏటీఎం కార్డు బ్లాక్ అయిందట. బుర్ర పనిచేయడం లేదు, ఉద్యోగం మానేస్తానంటున్నావట. వాణ్ణి ఏమీ అనకు, గుచ్చి గుచ్చి అడిగింది నేనే. థైరాయిడ్ గోళీ మానేశావా బిడ్డా?

మేడ మీద గదికి రంగు వేయించాం. నీ పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి కలరా ఉండలు వేశాను.

గోళీ దసరాకు ముందే మానేసి, పది రోజులైనా ఏమీ కాలేదని వంశీతో అన్నావట. పది రోజుల్లో ఏమీ తెలియదమ్మా. ఆ గోళీలో మనం మింగేది టీ4 అనే థైరాయిడ్ హార్మోను. అది రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. పైగా మెదడు తన జాగ్రత్త తాను చేసుకుంటుంది. టీ4 వడ్లు అనుకో, కణాలు వాడుకునే టీ3 బియ్యం. ఆ వడ్లు పట్టే గిర్నీ మెదడు లోపలే ఉంది. న్యూరాన్ల, అంటే నాడీకణాల, పక్కన ఉండే ఆస్ట్రోసైట్ కణాలు టీ4లోని నాలుగు అయోడిన్ పరమాణువుల్లో ఒకటి తీసేసి టీ3 చేస్తాయి. అది న్యూరాన్ కేంద్రకంలోకి వెళ్లి హార్మోనును పట్టుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని, ఏ జన్యువు ఎంత పనిచేయాలో మారుస్తుంది. రక్తంలో టీ4 తగ్గితే ఆ మార్చే ఎంజైము మరింత గట్టిగా పనిచేసి కొంతకాలం నెట్టుకొస్తుంది. అసలు సరుకే రాకపోతే అదీ ఎంతకాలం చేస్తుంది? అప్పుడు మతిమరుపు, దిగులు, ఒక పేజీ చదవడానికి రెండు పేజీల సమయం.

ఎదిగే పిల్లల మెదడుకే ఈ హార్మోను కావాలని చాలాకాలం అనుకున్నారు. రిసెప్టర్ జన్యువు 1986లో తెలిసింది. జ్ఞాపకాలు నిలబెట్టే హిప్పోక్యాంపస్‌తో సహా పెద్దవాళ్ల మెదడులోనూ ఆ రిసెప్టర్లు ఉన్నాయి. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పిన వాడి బిడ్డవు, నీకు ఇంత రాయాలా అనుకుంటూనే రాస్తున్నాను.

కోరుట్ల లచ్చమ్మ చిన్నమ్మ సంగతి నీకు సగమే తెలుసు. చాట ముందు పెట్టుకుంటే బీడీల లెక్క, తునికాకు లెక్క, వాడకట్టులో అందరి కూలి లెక్క నోటితోనే చెప్పేది. అలాంటి మనిషి కట్టలు లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. గొంతు బొంగురుపోయింది. కళ్ల కింద ఉబ్బు. ఎండాకాలం కూడా దుప్పటి కప్పుకునేది. పొయ్యి మీద కూర పెట్టి మర్చిపోతే అత్త తిట్టింది, ఈమె ఒక్క మాట తిరిగి అనలేదు. అదే అందరికీ భయమేసింది! గాలి సోకిందన్నారు. కొండగట్టు అంజన్న దగ్గర నలభై రోజులు ఉంచారు. దేవుడి దగ్గర ఉండడం మంచిదే, కానీ గొంతు అలాగే ఉంది. చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ ఆమె మాట వింటూనే చేయి పట్టుకుని చర్మం చూసింది. మడమ వెనక తాడులా ఉండే స్నాయువు మీద చిన్న సుత్తితో కొట్టింది. పాదం కదిలింది కానీ వెనక్కి మాత్రం మెల్లగా వచ్చింది. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష రాసింది. గోళీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచారు. కొన్ని నెలలకు చిన్నమ్మ ఏజెంటు రాసిన చిట్టీలో తప్పు పట్టుకుని, వాడితో వాకిట్లోనే కొట్లాడిందట. ఆ కబురు విని మీ నానమ్మ ఏడ్చింది.

నీకు కాళ్లకు సాక్సులు ఉన్నాయా? గోళీ లేవగానే, పరగడుపున, నీళ్లతో వేసుకో. అక్కడి ఫిల్టర్ కాఫీ కనీసం అరగంట ఆగి తాగు, గంట ఆగితే ఇంకా మంచిది. ఐరన్, కాల్షియం గోళీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. వెంట్రుకల కోసం బయోటిన్ వాడుతుంటే టెస్టుకు ముందే డాక్టరుకు చెప్పు, దానివల్ల అంకెలు తప్పు రావచ్చు. ఇన్నాళ్లు మానేశాను కదా అని ఒకేసారి రెండు వేసుకోకు. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి, టెన్షన్. ముందు డాక్టరును కలువు, ఎంత వాడాలో వాళ్లు చెప్తారు. మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టెస్టు. జీవితాంతం వాడితే అలవాటు పడతామని ఎవరన్నా వినకు. ఒంట్లో తయారు కావాల్సినదే బయటి నుంచి ఇస్తున్నాం.

ప్రతి దిగులూ థైరాయిడ్ వల్లే అని నేను అనను. అంకెలు సరిగ్గా ఉండి కూడా మనసు అలాగే ఉంటే, మనసు డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేను వెంట వస్తాను. కానీ రిపోర్టు రాకముందు రాజీనామా రాయొద్దు. నువ్వు మందబుద్ధివి కావు. ఐదో తరగతిలో నాకే లెక్కలు దిద్దినదానివి.

సకినాలు, గరిజెలు పార్శిల్ చేస్తున్నాం. పరగడుపున అవి తినకు, ముందు గోళీ. రిపోర్టు ఫోటో నాకే పంపు, అమ్మకు వద్దు, రాత్రంతా నిద్రపోదు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే పండుగ తెల్లారే వరంగల్ స్టేషన్లో చెన్నై రైలు ఎక్కుతాను.

మీ బాపు