కాలనీ గ్రంథాలయ సంఘం వార్షిక నివేదిక, 2025-26

సభ్యులందరికీ నమస్కారం. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా సంఘం చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పట్టీ కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు. ఉగాది కవి సమ్మేళనం, పిల్లల వేసవి కథల శిబిరం, పాత పుస్తకాల బైండింగ్ ఎప్పటిలాగే జరిగాయి. వానలకు కారిన వెనక గది కప్పు బాగు చేయించాం. ఈ ఏడాది చర్చంతా, కాస్త గొడవతో సహా, కంప్యూటర్ గది మీదే నడిచింది కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటిచ్చాం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన కంప్యూటర్లు విండోస్ 11ని మోయలేవు, కొత్తవి కొనే డబ్బు మన దగ్గర లేదు. అందుకని అన్నింటిలోనూ విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేశాం. దానికి జనం త్వరగానే అలవాటుపడ్డారు. తగువంతా ఏ బ్రౌజర్ పెట్టాలన్న దగ్గరే వచ్చింది.

గదిలో ఒకరు లేచాక ఇంకొకరు కూర్చుంటారు. ఒకరోజు దరఖాస్తు నింపడానికి వచ్చిన పెద్దాయన బ్రౌజర్ తెరిచేసరికి, అంతకుముందు కూర్చున్నావిడ మెయిల్ మొత్తం కళ్లముందు పరుచుకుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఎవరెవరివో ఆధార్ కాపీలు, హాల్ టికెట్లు. ఆయన మర్యాదస్తుడు, వెంటనే లాగౌట్ చేసి మాకు చెప్పారు. అందుకే కార్యవర్గం ముందు ఒక మాట అనుకుంది: మన గదిలో ప్రైవసీ అంటే మొదట పక్కవాళ్ల కంట పడకపోవడం, ప్రకటనల కంపెనీల సంగతి ఆ తర్వాత.

ప్రైవేట్ విండో చాలదా అని కొందరు సభ్యులు అడిగారు. అది మూసేశాక ఆ కంప్యూటర్లో చరిత్ర మిగలదు, అంతవరకు మంచిదే. మనం చూసే సైటుకు, నెట్ ఇచ్చే కంపెనీకి మాత్రం మనం కనిపిస్తూనే ఉంటాం. క్రోమ్‌లోని ప్రైవేట్ విండో ‘ఇన్‌కాగ్నిటో’ మీద అమెరికాలో 2020లో వేసిన దావాలో, అలా పోగైన కోట్లాది రికార్డులు చెరిపేస్తామని గూగుల్ 2024లో ఒప్పుకుంది. అదీగాక, ఆ విండో తెరవాలని గుర్తుండాలి కదా!

క్రోమ్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే యాడ్-ఆన్ల నిబంధనలు మారడంతో, ప్రకటనలను ఆపే యుబ్లాక్ ఆరిజిన్ 2025లో అందులో పనిచేయడం ఆగిపోయింది, లైట్ అనే చిన్న రూపం ఒక్కటే మిగిలింది. తెలుగు వార్తల సైట్లలో ప్రకటనల జాతర తెలిసిందే. ఆ బ్లాకర్ పెట్టాక పాత కంప్యూటర్లకు ఊపిరి ఆడింది. దాన్ని రాసిన రేమండ్ హిల్ విరాళాలు కూడా పుచ్చుకోడు, ఈ రోజుల్లో విడ్డూరమే.

బ్రేవ్ అనే బ్రౌజర్ పెడదామని యువ సభ్యులు పట్టుబట్టారు. సైట్లలో మనల్ని వెంటాడి గమనించే ట్రాకర్లను అది బాగానే ఆపుతుంది. కానీ 2020లో క్రిప్టో సైట్ల చిరునామా టైప్ చేస్తే తన కమీషన్ కోడ్ తానే తగిలించిన సంగతి బయటపడి, క్షమాపణ చెప్పి తీసేయాల్సి వచ్చింది. తెరవగానే రివార్డులు, వాలెట్ కనిపించే బ్రౌజర్ గ్రంథాలయంలో ఎందుకని పెద్దవాళ్లు అడ్డుకున్నారు. నా ఓటూ వాళ్లకే.

తర్వాత లిబ్రెవూల్ఫ్ అనే బ్రౌజర్‌తో ప్రయోగం. ఫైర్‌ఫాక్స్ కోడ్ నుంచే చేసినది, వాడకం వివరాలు తయారీదారుకు పంపే టెలిమెట్రీ తీసేసి, యుబ్లాక్ ముందే పెట్టి ఇస్తారు, మూయగానే కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచే చిన్న ఫైళ్లు) పోతాయి. మనల్ని గుర్తుపట్టడానికి సైట్లకు కుకీలే అక్కర్లేదు. స్క్రీన్ కొలత, టైమ్ జోన్, ఫాంట్లు కలిపి చూస్తే చాలు. డెస్క్‌టాప్ మీద లినక్స్ వాడేవాళ్లు ఎలాగూ తక్కువ, దానికితోడు పోతన, వేమన ఫాంట్లు వేసుకుంటే గుంపులో మరీ విడిగా కనిపిస్తాం. లిబ్రెవూల్ఫ్ ఈ వివరాలను వీలైనంత దాచి, అందరినీ ఒకేలా చూపించాలని చూస్తుంది.

దాంతో రెండు ఇబ్బందులు వచ్చాయి. టైమ్ జోన్ దాచడం వల్ల సైట్లలో గడియారం అయిదున్నర గంటలు వెనక నడిచింది. రెండోది పోటీ పరీక్ష దరఖాస్తులో. ఒకమ్మాయి పాస్‌పోర్టు ఫొటో ఎక్కిస్తే ముఖం బదులు రంగురంగుల గీతలు వచ్చాయి. ఆ సైటు ఫొటోను బ్రౌజర్లోనే కుదించి చదువుకుంటుంది, సైట్లు మనల్ని గుర్తుపట్టకుండా ఆ చదవడాన్నే లిబ్రెవూల్ఫ్ చెడగొడుతుంది. అడ్రస్ బార్‌లోని చిన్న గుర్తు నొక్కి అనుమతిస్తే సరిపోతుంది. కానీ ఆఖరి తేదీ నాటి టెన్షన్‌లో అది ఎవరికి తడుతుంది? ఆ అమ్మాయి లేచి ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కి వెళ్లిపోయింది.

చివరికి ఫైర్‌ఫాక్స్‌కే తీర్మానమైంది. దాని మీదా అభ్యంతరాలు వచ్చాయి. దాన్ని తయారుచేసే మొజిల్లా ఆదాయంలో పెద్ద వాటా గూగుల్ చెల్లించేదే. 2025 ఫిబ్రవరిలో, మీ డేటా ఎన్నడూ అమ్మం అన్న పాత హామీని తీసేసి, విమర్శలు వెల్లువెత్తాక నిబంధనల మాటలు సవరించింది. ఇవన్నీ మినిట్స్‌లో ఉన్నాయి. అయినా ఫైర్‌ఫాక్స్ మింట్‌తోపాటే వస్తుంది, అప్‌డేట్లు దానంతటవే అందుతాయి, మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. నచ్చని వాటిని మనమే ఆపేయవచ్చు.

ఆపేశాం కూడా. ప్రతి కంప్యూటర్లో బ్రౌజర్ ఎలా నడవాలో చెప్పే పాలసీ ఫైల్ ఒకటి పెట్టి టెలిమెట్రీ ఆపాం, పాస్‌వర్డ్ దాచుకోమంటారా అని అడగడం మాన్పించాం, యుబ్లాక్ దానంతటదే ఎక్కేలా చేశాం, మూయగానే చరిత్ర, కుకీలు చెరిగిపోయేలా పెట్టాం. బ్రౌజర్ మూయకుండా లేచిపోయేవాళ్ల కోసం మింట్‌లోని గెస్ట్ లాగిన్ తెరిచాం. లాగౌట్ కాగానే డౌన్‌లోడ్లతో సహా అంతా పోతుంది. సగం నింపిన దరఖాస్తు పోయిందని ఒకరిద్దరు మా మీద విసుక్కున్నారు. పెన్‌డ్రైవ్ తెచ్చుకోండని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. లిబ్రెవూల్ఫ్ కిటికీ పక్కనున్న కంప్యూటర్లో అలాగే ఉంది, కావాలన్నవాళ్లు వాడుకోవచ్చు.

మిగిలింది మూలనున్న పాతకాలపు 32 బిట్ కంప్యూటర్. లినక్స్ 32 బిట్‌కు ఫైర్‌ఫాక్స్ 145వ వెర్షన్ నుంచి రావడం లేదు. ప్రస్తుతం ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే 140 ఈఎస్ఆర్ వెర్షన్‌తో నెట్టుకొస్తున్నాం, దానికి అప్‌డేట్లు 2026 సెప్టెంబరు దాకా ఇస్తామని మొజిల్లా చెప్పింది. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేసి పుస్తకాల జాబితా చూసుకోవడానికి మాత్రమే ఉంచాలా, తీసేసి మరొకటి కొనాలా అన్నది సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. కొనాలంటే చందా పెంచక తప్పదు.